కొత్త పెట్టె, పాత చెవులు

కొత్త కుండ తెచ్చిన రోజే అందులో కూర వండరు. ముందు నీళ్లలో నానబెడతారు. ఒకసారి గంజి కాచి పారబోస్తారు. ఆ తరువాతే అది వంటకు పనికివస్తుంది. కొత్త రోటిలో మొదట తవుడు వేసి రుబ్బుతారు. లేకపోతే పచ్చడిలో రాతిపొడి పళ్లకు తగులుతుంది. కొత్త చెప్పులు నాలుగు రోజులు కరుస్తాయి. కోడెను కాడికి అలవాటు చేయాలంటే ఎంత ఓపిక కావాలో సేద్యము చేసినవారికి తెలుసు. పల్లెలో పుట్టిన మనకు ఇవన్నీ ఒకరు చెప్పనక్కరలేదు.

మరి పాటలు వినిపించే పెట్టెను కూడా ఇలాగే మచ్చిక చేసుకోవాలా? 2023 వర్షాకాలములో మా ఇంటికి ఒక కొత్త సి.డి. ప్లేయరు వచ్చినప్పుడు ఈ ప్రశ్న మాకు ఎదురైంది. దానికి జవాబు వెదుకుతూ పోతే మా ఇంటి తప్పు ఒకటి బయటపడింది. అది మీతో చెప్పుకుంటే మీలో ఒకరిద్దరికైనా మేలు కలుగుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

క్యాంపసు నుండి తార్నాకకు

మేమిద్దరము చాలా సంవత్సరాలు ఉస్మానియా విశ్వవిద్యాలయము క్యాంపసులో స్టాఫ్ క్వార్టర్సులో కాపురమున్నాము. 1918లో మొదలైన విశ్వవిద్యాలయము అది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ రాతి భవనాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. సాయంత్రము ఆ భవనము ముందునుండి నడిచి వచ్చి, దీపాలు పెట్టాక టేప్ రికార్డరులో కీర్తనలు పెట్టుకోవడము మాకు అలవాటు. వేసవిలో టేపు సాగి గొంతు గుర్రుమనేది. అప్పుడప్పుడు రీలు బయటకు వచ్చి చిక్కుపడేది. పిల్లలు పెన్సిలు పెట్టి తిప్పి సరిచేసేవారు.

1997లో మొదటి సి.డి. ప్లేయరు కొన్నాము. ఆ రోజు చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. పాటకూ పాటకూ మధ్య ఏమాత్రమూ చప్పుడు లేకపోవడము చూసి అందరూ ఆశ్చర్యపోయారు.

ఉద్యోగ విరమణ తరువాత క్వార్టరు ఖాళీ చేసి దగ్గరలోనే తార్నాకలో ఒక ఫ్లాటుకు మారాము. సామాను మార్చేటప్పుడు దెబ్బ తగిలిందో ఏమో, ఆ ప్లేయరు తలుపు తెరుచుకోవడము మానేసింది. బాగుచేయిద్దామనుకుంటూనే దాన్ని అటక ఎక్కించాము. డిస్కులు ఒక అట్టపెట్టెలో పడ్డాయి. తరువాత ఇంట్లో అందరికీ ఫోన్లు వచ్చాయి. ఎవరి పాట వారిది, ఎవరి చెవిలో వారిది. 2017 నవంబరులో తార్నాక మీదుగా మెట్రో రైలు మొదలయ్యాక రోడ్డు చప్పుడుకు రైలు చప్పుడు తోడై, కిటికీలు మూసుకుని ఉండటము కూడా అలవాటైంది.

ఆ రోజుల్లోనే అమ్మ మా దగ్గరకు వచ్చింది. మా ఇద్దరిలో ఒకరికి కన్నతల్లి, మరొకరికి అత్తగారు. ఇద్దరమూ అమ్మా అనే పిలుస్తాము. ఆమెది మెదకు దగ్గర ఒక పల్లె. సంఘములో స్త్రీల కూటములో పాట ఎత్తుకునేది ఆమే. పుస్తకము చూడకుండా వంద కీర్తనలకు తక్కువ కాకుండా పాడగలదు. కానీ మా ఇంటికి వచ్చిన రెండు మూడేళ్లలో ఆమెకు చెవులు మందగించాయి. మేము గట్టిగా చెప్పేవాళ్లము. "ఎందుకు బిడ్డా, కోపమెందుకు జేస్తున్నరు?" అనేది. కోపము కాదమ్మా అని మళ్లీ అరిచేవాళ్లము. అలా అరిచి అరిచి, చివరకు మా మాటలు రెండుకు తగ్గిపోయాయి. "తిన్నావా?" "మందు వేసుకున్నావా?" కుటుంబ ప్రార్థనలో కూర్చునేది గానీ పాడేది కాదు. ప్రార్థన కాగానే తన గదిలోకి వెళ్లిపోయేది. ముసలితనము అంటే ఇంతే కాబోలు అని మేము సరిపెట్టుకున్నాము.

రెండు వందల గంటల మాట

మా మనుమడు మా దగ్గరే ఉండి ఇంటర్మీడియెటు చదువుతున్నాడు. వాడికి అటక మీద ఆ డిస్కుల పెట్టె దొరికింది. "తాతయ్యా, ఇవి వినడానికి ఏమీ లేదా?" అని ఒకటే పోరు. చివరకు ఒక కొత్త ప్లేయరు, రెండు స్పీకర్లు కొన్నాము. కొట్టులోని కుర్రవాడు ఒక మాట చెప్పి పంపాడు: "వెంటనే సౌండ్ చూసి అయ్యో అనుకోవద్దు సార్. రెండు వందల గంటలు ఆడాలి. అప్పుడే మిషను విచ్చుకుంటుంది."

మనుమడు ఆ మాటను వేదవాక్కుగా పట్టుకున్నాడు. రోజుకు ఎనిమిది గంటలు చొప్పున ఇరవై అయిదు రోజులు. గోడ క్యాలెండరు మీద గళ్లు గీసి, ప్రతి రాత్రి ఎన్ని గంటలు ఆడిందో రాసేవాడు. వాడు కాలేజీకి వెళ్లే ముందు ఒక డిస్కు పెట్టి, ముగియగానే మళ్లీ మొదటినుండి వచ్చేలా మీట నొక్కి వెళ్లేవాడు. ఆ డిస్కులో పురుషోత్తమ చౌదరి గారివంటి పాత కవుల కీర్తనలు. ఒకే గొంతు, ఒక హార్మోనియము, అంతే. పొద్దున్నుండి సాయంత్రము వరకు అవే పాటలు.

ఇంతకూ ఆ కుర్రవాడు చెప్పినది నిజమేనా? మేము కొంత చదివి, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నది చెబుతాము.

ఫిలిప్స్, సోనీ అనే రెండు కంపెనీలు కలిసి రూపొందించిన ఈ డిస్కు 1982 అక్టోబరులో జపానులో మొదట అమ్మకానికి వచ్చింది. అడ్డము 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. దాని మీద కంటికి కనిపించనంత చిన్న గుంటలు చుట్టలు చుట్టలుగా ఉంటాయి. ఆ చుట్టను సాగదీస్తే అయిదు కిలోమీటర్లకు పైగా వస్తుంది. అంటే తార్నాకలో బయలుదేరి సికిందరాబాదు స్టేషను దాటి పోయేంత దూరము. గ్రామఫోను రికార్డు బయటి అంచునుండి లోపలికి నడిస్తే, ఇది లోపలినుండి బయటికి నడుస్తుంది. ఒక సన్నని లేజరు కిరణము ఆ గుంటలను చదువుతుంది. పాటను సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసి ఉంచుతారు. యంత్రము ఆ అంకెలను చదివి మళ్లీ పాటగా మారుస్తుంది.

ఇక్కడ ముల్లు లేదు, రాపిడి లేదు. కిరణము డిస్కును తాకదు. అంకె ఒకటి అయితే మొదటి రోజూ ఒకటే, వందవ రోజూ ఒకటే. కాబట్టి ప్లేయరు గంటలు గడిచే కొద్దీ తియ్యబడుతుందన్న మాటకు పెద్ద ఆధారము లేదు. స్పీకరు సంగతి కొంచెము వేరు. దానిలో ఊగే పొర, దాన్ని పట్టుకుని ఉండే అంచు కొత్తలో కాస్త బిర్రుగా ఉండి, ఆడగా ఆడగా కొద్దిగా సడలుతాయి. ఆ మార్పు చాలా చిన్నది. అదీ ఎక్కువగా మొదటి గంటలలోనే అయిపోతుంది.

కానీ పదవ రోజుకు మా మనుమడు "చూశారా, ఎంత మారిందో!" అన్నాడు. వాడు మొదటి రోజు ఒక పాటను తన ఫోనులో రికార్డు చేసి ఉంచాడు. అదే చోట ఫోను పెట్టి, అంతే శబ్దముతో అదే పాటను మళ్లీ రికార్డు చేశాము. ఏది ఏదో చెప్పకుండా రెంటినీ మార్చి మార్చి పదిసార్లు వినిపించాము. ఏది కొత్తది, ఏది పాతది? వాడు సరిగా చెప్పినవి అయిదు. బొమ్మా బొరుసూ వేసినా అన్నే వస్తాయి. ఫోను రికార్డు గొప్ప తూకము కాదని మాకూ తెలుసు. అయినా వాడు నవ్వి ఒప్పుకున్నాడు: "అయితే మారింది నా చెవులే, తాతయ్యా."

ఆ మాట ఎంత నిజమో అప్పటికి మాకు పూర్తిగా తెలియదు.

స్పీకరు పక్కన కుర్చీ

పదిరోజులు దాటాక ఒక ఉదయము మేము వంటింట్లో ఉన్నాము. హాలులో కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. వచ్చి చూస్తే అమ్మ కర్ర గోడకు ఆనించి, కుర్చీని స్పీకరు పక్కకు లాక్కుని, తల వంచి కూర్చుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. రెండవ చరణము వచ్చేసరికి గొంతు బయటికి వచ్చింది. డిస్కులోని గాయకుడు ఇంకా ఊపిరి తీసుకుంటూ ఉండగానే ఆమె తరువాతి పంక్తి ఎత్తుకుంది. శ్రుతి తప్పలేదు. ఆమె పాడగా విని ఎన్నాళ్లయిందో లెక్కపెట్టుకుంటే మాకే సిగ్గు వేసింది.

మొదట మేము అది యంత్రము గొప్పతనమనుకున్నాము. వెంటనే డ్రమ్ములు, కీబోర్డులు ఉన్న ఒక కొత్త పాటల డిస్కు పెట్టి శబ్దము పెంచాము. రెండు నిమిషాలు విని, "లొల్లి లొల్లి ఉంది" అంటూ లేచింది. పాతది పెడితే మళ్లీ కూర్చుంది. ఆ వారమే చెవి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాము. ఎప్పుడో చేయవలసిన పని అది.

పరీక్ష చేసిన డాక్టరు గారు మాకు ఓపికగా వివరించారు. వయసుతో వచ్చే చెవుడులో ముందుగా పోయేవి సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు. అ, ఆ, ఓ వంటి అచ్చులు లావు శబ్దాలు. అవి వినబడుతూనే ఉంటాయి. స, ష, త, క వంటి హల్లులలో సన్నని శబ్దాలు ఎక్కువ, అవి జారిపోతాయి. అందుచేత మనిషి మాట్లాడుతున్నట్లు వినబడుతుంది గానీ ఏమన్నారో తెలియదు. మనము అరిస్తే అచ్చులే పెద్దవవుతాయి. హల్లులు ఇంకా మునిగిపోతాయి. పైగా మన ముఖము కోపముగా కనబడుతుంది. డ్రమ్ముల చప్పుడు కూడా ఇలాగే మాటను మింగేస్తుంది.

పాత కీర్తన ఎందుకు తెలిసింది? ఒకే గొంతు, నిదానమైన నడక, పక్కనే స్పీకరు. అన్నిటికీ మించి ఆ మాటలు ఆమెకు కంఠస్థము. చెవి సగము అందిస్తే మిగిలిన సగము జ్ఞాపకము పూరిస్తుంది. మొదటిరోజు దూరముగా ఏదో రాగమనిపించినది, రోజూ అదే వేళకు అవే పాటలు వినగా వినగా ఆమెకు పట్టుబడింది. రెండు వందల గంటల లెక్క ఆమె విషయములో కొంత నిజమే అయిందన్నమాట.

ఇంటికి వచ్చాక, నెమ్మదిగా, ఆమె ఎదుట కూర్చుని అడిగాము: "అమ్మా, ఇన్నాళ్లూ మా దగ్గరకు వచ్చి కూర్చోలేదు, ఇప్పుడు ఆ పెట్టె దగ్గరకు వచ్చి కూర్చున్నావేమి?"

ఆమె చెప్పిన జవాబు: "చెవులు పోయినయి నాయి, బిడ్డా. మాట్లాడుడు బంద్ జేసింది మీరు గదా. గా డబ్బా రోజూ పొద్దుగాల నాతోని మాట్లాడుతుంది. అందుకే వచ్చి కూసున్న."

మేమిద్దరము తల వంచుకున్నాము. అన్నము పెట్టాము, మందులు కొన్నాము, బట్టలు కుట్టించాము. మాట మాత్రము మానేశాము. మానేశామని కూడా మాకు తెలియలేదు.

అసలు మచ్చిక

అమ్మకు చెవి మిషను పెట్టించాము. అప్పుడు తెలిసింది, నిజముగా మచ్చిక కావలసిన వస్తువు ఏదో. మొదటిరోజు అరగంటకే తీసి బల్ల మీద పెట్టింది. కంచము చప్పుడు, కుక్కరు కూత, మెట్రో రైలు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయట. చాలామంది పెద్దవారు ఇక్కడే విసిగిపోయి మిషనును పెట్టెలో దాచేస్తారు. డాక్టరు గారు ముందే హెచ్చరించారు: ఏళ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటైన చెవికీ, మెదడుకీ మళ్లీ శబ్దము అలవాటు కావడానికి వారాలు పడుతుంది.

మేము ఇలా చేశాము. మొదటి వారము కిటికీలు మూసి రోజుకు ఒక గంట, కీర్తనల డిస్కు ఒక్కటే. రెండవ వారము పాటలు ఆపి, ఎదురుగా ఒక్కరే కూర్చుని మాటలు. మూడవ వారము భోజనాల బల్ల దగ్గర అందరితో. నెల దాటాకే ఆదివారము ఆరాధనకు. అక్కడ కూడా లౌడ్‌స్పీకరుకు దూరముగా, ముందు వరుసలో. ఈ క్రమము మా అమ్మకు కుదిరింది. మీ ఇంట్లో పెద్దవారికి ఎలా చేయాలో వైద్యులే చెబుతారు.

పల్లెల్లో ఉన్న మన కుటుంబాలకు కొన్ని మాటలు. చెవిలో వేడి నూనె పోయకండి, పిన్నీసు పెట్టకండి. కొందరికి గులిమి అడ్డుపడటము వలననే వినబడదు. అది తీయించితే చాలు. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోతే ఆలస్యము చేయక ఆ రోజే వైద్యుని చూడాలి. హైదరాబాదులో కోఠీలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉంది. సికిందరాబాదు మనోవికాస్ నగరులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ వారి ప్రాంతీయ కేంద్రములో వినికిడి పరీక్షలు చేస్తారు. పేద వృద్ధులకు చెవి మిషన్లు, చేతికర్రలు వంటివి ఉచితముగా ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వము రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే పథకాన్ని 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే ప్రారంభించింది. దాని వివరాలు జిల్లా కేంద్రములోని వృద్ధుల, వికలాంగుల సంక్షేమ కార్యాలయములో అడగవచ్చు.

చెవుడు ఉన్నవారితో మాట్లాడేటప్పుడు అరవకండి. ఎదుటకు వచ్చి, వెలుతురు మీ ముఖము మీద పడేలా కూర్చుని, నిదానముగా చెప్పండి. తెలియకపోతే అదే మాటను మళ్లీ మళ్లీ అనకుండా వేరే మాటలో చెప్పండి. "ఏమీ లేదులే" అని మాత్రము అనకండి. ఆ ఒక్క మాట వారిని గదిలోకి పంపించేస్తుంది.

పెట్టె గురించి కూడా

ప్లేయరు కొన్నవారికి, అటక మీదనుండి దించినవారికి ఉపయోగపడే సంగతులు కొన్ని ఉన్నాయి. చల్లటి చోటునుండి, వానలోనుండి తెచ్చిన వెంటనే కరెంటు పెట్టవద్దు. లోపలి అద్దము మీద చెమ్మ పడుతుంది. ఒకటి రెండు గంటలు ఆగండి. నాలుగు వైపులా గాలి ఆడనివ్వండి, పైన గుడ్డ కప్పి ఆడించవద్దు. ఉరుములప్పుడు ప్లగ్గు తీసివేయండి. మన ఊళ్లలో కరెంటు ఎగుడుదిగుడులకు స్టెబిలైజరు మంచిది.

డిస్కును అంచులు పట్టుకుని తీయాలి. తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో నడుమనుండి అంచు వైపు తిన్నగా తుడవండి. గుండ్రముగా తిప్పి తుడవవద్దు. కారణము ఏమంటే, అడ్డముగా పడిన చిన్న గీతను యంత్రము తానే సరిచేసుకోగలదు. అంకెలు రాసేటప్పుడే వాటిని చెదరగొట్టి, తప్పు పట్టుకునే అదనపు అంకెలను చేర్చి ఉంచుతారు. చుట్ట వెంబడి పొడవుగా పడిన గీత చాలా అంకెలను వరుసగా చెరిపేస్తుంది. అప్పుడు పాట ఎగురుతుంది. ఇంట్లో కంప్యూటరు మీద రాసుకున్న డిస్కులు ఎండకు త్వరగా పాడవుతాయి. వాటి మీద కాగితము అంటించవద్దు. పెళ్లి పాటలో, పెద్దల గొంతులో అందులో ఉంటే ఇప్పుడే మరొక ప్రతి తీసి దాచుకోండి.

కోయిల

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి భోజనము తరువాత ఒక గంట ఫోన్లన్నీ ఒక బుట్టలోకి వెళతాయి. ఒక డిస్కు పెడతాము. అమ్మ కుర్చీ స్పీకరు పక్కనే. మేము మరిచిపోయిన చరణాలు ఆమె అందిస్తుంది. డిస్కులో రాగము పల్లెలో పాడే తీరుకు తేడాగా ఉంటే, "గట్ల గాదు" అని ఆపించి తాను పాడి వినిపిస్తుంది. అప్పుడు పెట్టెను ఆపుతాము. మనుమడు ఇప్పుడు ఆమె పాటలు రికార్డు చేస్తున్నాడు. పెట్టె కొన్నది వినడానికి. అది ఆగినప్పుడే మేము ఎక్కువ వింటున్నాము.

పోయిన వేసవిలో ఒక ఉదయము ఆమెను ఆటోలో క్యాంపసుకు తీసుకువెళ్లాము. ఆర్ట్స్ కాలేజీకి ఎదురుగా చెట్టు నీడన కూర్చున్నాము. కొంతసేపటికి ఆమె వేలెత్తి, "కోయిల గూస్తుంది" అంది. మాకు వినబడలేదు. చెవి పెట్టి విన్నాక, అవును, దూరముగా ఒక కొమ్మలోనుండి. ముప్పై ఏళ్లు ఆ దారినే నడిచిన మేము, మాటల్లో పడి దాన్ని వినలేదు.

మనుమడి క్యాలెండరు మీద రెండు వందల గంటలు ఎప్పుడు పూర్తయ్యాయో మాలో ఎవరూ గమనించలేదు. గళ్లు సగములోనే ఆగి ఉన్నాయి.

ప్రియమైన చదువరులారా, మీ ఇంట్లో కొత్త పెట్టె లేకపోవచ్చు. గదిలో ఒక పాత కుర్చీ ఉండే ఉంటుంది. ఈ రాత్రి దాన్ని హాలులోకి తెచ్చి, అందులో కూర్చునేవారి ఎదుట కూర్చుని, తిన్నావా, మందు వేసుకున్నావా అనే మాటలు కాక మూడవ మాట ఒకటి అడిగి చూడండి.